క్షేత్ర పరిశోధన – రచయిత: ఫిషింగ్ హార్బర్ ఉదాహరణగా

శ్రామిక జీవితాన్ని చిత్రించాలన్న కోరిక మన సాహిత్యానికి కొత్తది కాదు. రైతుల గురించి, చేనేత కార్మికుల గురించి, గని కార్మికుల గురించి మనకు కథలున్నాయి, నవలలున్నాయి. వాటిని పాఠంగా చెప్పేటప్పుడు విద్యార్థుల నుంచి నాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: “ఈ రచయితకు ఇవన్నీ ఎలా తెలిశాయి మాస్టారూ?” మంచి ప్రశ్న. ఆ జీవితంలో పుట్టి పెరిగిన రచయిత విషయంలో జవాబు సులభం. కాని మనలో చాలామందిమి మనం రాసే జీవితానికి బయటివాళ్ళం. బయటివాడికి తెలుసుకునే పద్ధతి అంటూ ఒకటి ఉండాలి. వస్తువు గురించి, శిల్పం గురించి, దృక్పథం గురించి మన సభల్లో ఎంతో చర్చ జరిగింది. తెలుసుకునే పద్ధతి గురించి జరిగిన చర్చ మాత్రం స్వల్పం.

ఆ పద్ధతిని ఒక శాస్త్రంగా పెంచుకున్నవారు మానవశాస్త్రజ్ఞులు. ఒక జనసమూహం మధ్య చాలాకాలం నివసించి, వారి భాష నేర్చుకుని, వారి పనిపాటల్లో వీలైనంత పాల్గొంటూ, చూసినదాన్నీ విన్నదాన్నీ క్రమంగా నమోదు చేసి, ఆ ఆధారంతో వారి జీవితాన్ని వర్ణించడాన్ని క్షేత్ర పరిశోధన అంటున్నాం. దాని పద్ధతులేమిటో, అవి రచయితకు ఏ మేరకు పనికివస్తాయో విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌ను ఉదాహరణగా తీసుకుని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. నేను ఈ నగరంలో ఇరవై ఏళ్ళుగా తెలుగు చెబుతున్నాను. హార్బర్ మీద బతికే కుటుంబాల పిల్లలు నా తరగతిలో ఎప్పుడూ కొందరుంటారు. కవులు వర్ణించిన సముద్రానికీ, ఆ పిల్లల ఇళ్ళలో మాట్లాడుకునే సముద్రానికీ పోలిక చాలా తక్కువ. ఆ తేడాయే నన్ను ఈ విషయం వైపు నడిపించింది.

కొలతల నుంచి సహవాసం దాకా

1909లో ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సహాయంతో దక్షిణ భారతదేశపు కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలు ప్రచురించాడు. మన తీరంలోని జాలారులు, వాడబలిజలు అందులో ఉన్నారు. ఈనాటికీ పరిశోధకులు ఆ సంపుటాలు తిరగేస్తూనే ఉన్నారు. కాని ఆ గ్రంథం పద్ధతిని గమనించాలి. కులాలన్నీ అక్షరక్రమంలో వస్తాయి. ఇంటిపేర్లు, పెళ్ళితంతు, చావుతంతు, కొన్నిచోట్ల తల కొలతలు, ముక్కు కొలతలు ఉంటాయి. జనాభా పట్టికలో గడులు నింపుకోవలసిన పాలకుడికి అది చాలు. ఆ జాలారి ఎవరికి బాకీపడ్డాడు, వేట పడని నెలలో ఇల్లెలా గడిచింది అన్న ప్రశ్నలకు అందులో చోటు లేదు.

ఈ ధోరణి నుంచి బయటపడే మార్గం చూపినవాడుగా మాలినోవ్‌స్కీని చెప్పుకుంటారు. ఆయన మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పసిఫిక్ సముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో, ఊరి మధ్య గుడారం వేసుకుని, వారి భాషలోనే మాట్లాడుతూ నెలల తరబడి గడిపాడు. 1922లో వెలువడిన ఆయన గ్రంథం ఉపోద్ఘాతం నేటికీ క్షేత్ర పరిశోధకులకు పాఠ్యభాగం. అందులో ఆయన మూడు రకాల నమోదులు అవసరమన్నాడు. మొదటిది, సమాజ నిర్మాణాన్ని తెలిపే పట్టికలు, లెక్కలు, వంశావళులు. రెండవది, లెక్కలకు అందని నిత్యజీవిత వివరాలు: పని ఎలా సాగుతోంది, మాటల్లో స్నేహం ఎంత, కోపం ఎంత అన్నవి. మూడవది, జనం నోట వచ్చిన మాటల్ని వచ్చినట్లే రాసుకోవడం. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ మిగిలిన రెండింటి పని చేయలేదు.

అయితే సహవాసం చేసినంతమాత్రాన సానుభూతి పుట్టుకొస్తుందని భ్రమపడనక్కరలేదు. మాలినోవ్‌స్కీ మరణించిన తర్వాత 1967లో ఆయన దినచర్య అచ్చయింది. తాను అధ్యయనం చేస్తున్న జనం మీద విసుగు, అసహనం అందులో దాపరికం లేకుండా కనిపిస్తాయి. చూసేవాడు కూడా ఒక వర్గం నుంచి, ఒక జాతి నుంచి వచ్చినవాడేననీ, వాడి చూపును కూడా పరీక్షించాలనీ ఆ దినచర్య గుర్తుచేసింది.

ఈ పద్ధతి పాలకుల శాస్త్రం నుంచి పుట్టింది గనుక మనకు అక్కరలేదని కొందరనవచ్చు. కాని దీనికి మన వైపు నుంచి కూడా వారసత్వం ఉంది. ఎంగెల్స్ ఇంగ్లండులోని కార్మికవర్గ స్థితిగతులపై 1845లో ప్రచురించిన గ్రంథం, మాంచెస్టర్ పేటలు కాలినడకన తిరిగి చూసినవాడు రాసింది. మార్క్స్ 1880లో ఫ్రెంచి కార్మికుల కోసం సుమారు నూరు ప్రశ్నల పట్టిక తయారుచేశాడు. పనిగంటలెన్ని, జీతం ఏ రోజున చేతికి వస్తుంది, ప్రమాదం జరిగితే ఎవరు బాధ్యత వహిస్తారు అన్న తరహా ప్రశ్నలవి. తమ స్థితిని గురించి కార్మికులే స్వయంగా చెప్పాలన్నది దాని వెనక ఉన్న ఉద్దేశం. సిద్ధాంతం బాగా తెలిసినవాడే అన్ని ప్రశ్నలు అడగవలసి వచ్చిందన్న సంగతి మనం మరచిపోరాదు.

మన దేశంలో ఎస్.సి. దూబే హైదరాబాదు సమీపంలోని షామీర్‌పేటను ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి వివిధ శాఖలవారితో కలిసి అధ్యయనం చేసి, 1955లో గ్రంథం వెలువరించాడు. 1948లో మైసూరు ప్రాంతంలోని ఒక గ్రామంలో నివసించిన ఎం.ఎన్. శ్రీనివాస్, పుస్తకాల్లో కనిపించే సమాజం వేరనీ, క్షేత్రంలో కనిపించే సమాజం వేరనీ పదేపదే చెప్పాడు. 1970లో అమెరికాలో జరిగిన గృహదహనంలో ఆయన క్రమపరచుకున్న నోట్సు కాలిపోతే, ప్రధానంగా జ్ఞాపకం మీద ఆధారపడి 1976లో ఆ గ్రామం గురించి పుస్తకం రాశాడు. నోట్సు పోయినా ఊరు పోలేదంటే, ఆ ఊళ్ళో ఆయన గడిపిన కాలమే కారణం.

మన భాషలోని క్షేత్ర పరిశోధకులు

తెలుగు విద్యార్థులకు ఇది పరాయి విద్యలా తోచనవసరం లేదు. గిడుగు రామమూర్తి పంతులును మనం వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా పరీక్షల్లో చదువుకుంటాం. కాని పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, తెలుగు తెలిసిన ఒక వ్యక్తిని ఇంట్లో ఉంచుకుని సవరభాష నేర్చుకున్నవాడాయన. కొండల్లో తిరిగి, మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి శక్తి దెబ్బతిన్నా ఆ పని మానలేదు. 1931లో ఆయన సవర వ్యాకరణం వెలువడింది. లిపి లేని భాష మాట్లాడేవారి నోటిమాటకు వ్యాకరణం ఉందని తెలుసుకున్నవాడే, తెలుగు జనం నోటిమాటకు గ్రంథాల్లో చోటు కావాలని వాదించాడు. ఈ రెంటినీ విడదీసి చదవడం మన పాఠ్యప్రణాళికల లోపం.

రెండో ఉదాహరణ మాండలిక వృత్తి పదకోశాలు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది. తర్వాత చేనేత పదాల సంపుటం వచ్చింది. పరిశోధకులు ఊరూరా తిరిగి, పనిముట్టును చూపించి, దాని భాగాలను పేరుపేరునా అడిగి సేకరించిన పదాలవి. మన కథకుల్లో ఎంతమంది ఆ సంపుటాలను బల్లమీద పెట్టుకుని రాస్తున్నారో ఎవరికివారే చెప్పుకోవాలి.

హార్బర్‌లో ఏం చూడాలి, ఎలా అడగాలి

ఇప్పుడు ఫిషింగ్ హార్బర్ దగ్గరికి వద్దాం. తెల్లవారుజామున జెట్టీ మీదికి వెళ్ళే రచయితకు ముందు కనిపించేవి రంగులు, వాసనలు, కేకలు. వాటితోనే తృప్తిపడితే వర్ణన వస్తుంది, అవగాహన రాదు. మాలినోవ్‌స్కీ చెప్పిన మూడు నమోదులను ఇక్కడికి అన్వయించి చూద్దాం.

మొదట పట్టిక. ఇక్కడ మరబోట్లున్నాయి, ఫైబర్ పడవలున్నాయి. మరబోటు డీజిలు, ఐసు, తిండి సామాను ఎక్కించుకుని పది పదిహేను రోజుల వేటకు పోతుంది. బోటుకు యజమాని ఉంటాడు, నడిపే సరంగు ఉంటాడు, కలాసీలుంటారు. ఖర్చులు పోగా మిగిలినదానిలో యజమానికింత, పనివాళ్ళకింత అని వాటాలు పడతాయి. కలాసీకి వాటా ఉంది గనుక అతడు పాలివాడని ఒకరంటారు. వేట పడకపోతే చేతికి వచ్చేది బత్తా మాత్రమే గనుక కూలివాడని మరొకరంటారు. యజమాని తానే ఒక వర్తకుడి దగ్గర పెట్టుబడి తెచ్చుకుని, సరుకు అతడికే వెయ్యవలసిన స్థితిలో ఉండవచ్చు. అప్పుడు అతణ్ణి ఏ వర్గంలో చేర్చాలి? వర్గ విశ్లేషణ వద్దని నేననడం లేదు. వర్గాన్ని ముందే జేబులో పెట్టుకుని వెళ్ళేవాడికి హార్బర్ ఏమీ నేర్పదని అంటున్నాను.

ప్రశ్న అడగడంలో ఒక మెలకువ ఉంది. “మామూలుగా వాటా ఎంత వస్తుంది?” అని అడిగితే మనిషి మన ముఖం చూసి, మనకేది కావాలో ఊహించి, ఒక అంకె చెబుతాడు. “మొన్న వచ్చిన వేటలో డీజిలుకెంతయింది? ఐసుకెంత? మిగిలినది ఎవరెవరు ఎలా పంచుకున్నారు?” అని అడిగితే జరిగినది చెబుతాడు. జరిగినదాన్ని అడగడం, అదే సంగతిని సరంగునూ కలాసీనీ యజమానినీ విడివిడిగా అడగడం, మూడు జవాబులూ కలవని చోట ఆగి ఆలోచించడం క్షేత్ర పద్ధతికి ప్రాణం. కలవని జవాబుల్లో ఒకటి అబద్ధమని తేల్చెయ్యనక్కరలేదు. ఒకే లెక్క ముగ్గురికి మూడు రకాలుగా కనబడటమే అక్కడి సామాజిక సంబంధం.

రెండవది, లెక్కకు అందని వివరాలు. వేలం పాట దగ్గర ఎవరు నిలబడతారు, ఎవరు కూర్చుంటారు, పాట పెంచేటప్పుడు ఎవరి కన్ను ఎవరి మీద ఉంటుంది, ఎవరిని చూసి పాటగాడు గొంతు తగ్గిస్తాడు అన్నవి. ఇవి అడిగితే తెలిసేవి కావు, ఉంటే తెలుస్తాయి. ఒకరోజు వేలం దగ్గర నోటుపుస్తకం పట్టుకుని నిలబడి ఉంటే, బుట్ట ముందు కూర్చున్న ఒక ముసలమ్మ నన్నడిగింది: “రేటు రాసుకోడానికొచ్చినారా, సేపలు కొనడానికొచ్చినారా మేస్టారూ?” ఆ ప్రశ్నలో ఎగతాళి ఉంది, లెక్క కూడా ఉంది. ఊరికే నిలబడ్డవాడు అక్కడ చోటు ఆక్రమించినవాడు. ఆమె పక్కన కూర్చుని, ఆమె బేరాలు పూర్తయ్యేదాకా ఉన్న తర్వాతనే నాకు ఆమె రోజు గురించి కొంత తెలిసింది.

ఆ సందర్భంలో చెప్పవలసిన పద్ధతి ఇంకొకటి ఉంది. మనిషిని కాక సరుకును వెంబడించడం. ఒక బుట్ట కానాగంతలను జెట్టీ నుంచి బయలుదేరదీసి, పాటలో ఎవరు పాడారు, ఇద్దరు ముగ్గురు స్త్రీలు కలిసి కొని ఎలా పంచుకున్నారు, ఐసు ఎవరిచ్చారు, ఆటో కిరాయి ఎంత, ఏ వీధిలో ఏ గడపలో అమ్ముడైంది, మిగిలినది ఎండబెట్టడానికి ఎవరి చేతికి పోయింది అని చివరిదాకా నడవాలి. అలా నడిచినవాడికి మత్స్యకారుడు అనే మాట సగం మాత్రమేనని అర్థమవుతుంది. సముద్రం మీద మగవాడి పని ముగిసేచోట ఒడ్డుమీద ఆడమనిషి పని మొదలవుతుంది. మన కథల్లో పడవ కనిపించినంతగా ఆ బుట్ట కనిపించదు.

మూడవది మాట. చేపలు పట్టడానికి వెళ్ళామని హార్బర్‌లో ఎవరూ అనరు. వేటకెళ్ళామంటారు. ప్రభుత్వ శాఖ కాగితాల్లో దాని పేరు మత్స్య ఉత్పత్తి. ఉత్పత్తి అన్నప్పుడు పెట్టుబడికి తగిన దిగుబడి రావాలన్న భావం ఉంది. వేట అన్నప్పుడు అది దొరకవచ్చు, దొరకకపోవచ్చు. ఒక్క మాటలోనే అనిశ్చితి మీద నిలబడిన జీవితం మొత్తం ఉంది. అలాగే లోతును బారల్లో చెప్పుకోవడం, కొండ గుర్తులతో చోటు పోల్చుకోవడం, పెద్ద ముక్కున్న చేపను కొమ్ముకోనాం అనడం. ఇవి యాస కోసం కథలో చల్లే మసాలా దినుసులు కావు. ఒక శ్రమ తన ప్రపంచాన్ని కొలుచుకునే పరికరాలు.

కాలం కూడా క్షేత్రంలో భాగమే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. బడులకు, కళాశాలలకు వేసవి సెలవులు వచ్చేది అప్పుడే. కనుక మనలాంటివాళ్ళం హార్బర్‌కు వెళ్ళేది ఎక్కువగా ఆ రోజుల్లోనే. ఒడ్డున కట్టేసిన బోట్లు, వల బాగుచేసుకుంటూ తీరికగా మాట్లాడే మనుషులు కనిపిస్తారు. తీరికలో వినిపించే సముద్రం వేరు, పదిహేను రోజుల వేట నుంచి దిగినవాడి ముఖంలోని సముద్రం వేరు. నిషేధకాలం, వేటకాలం, తుఫాను రోజులు మూడూ చూడనిదే ఏడాది చూసినట్లు కాదు.

నమ్మకం ఎదురైనప్పుడు

అభ్యుదయ రచయితకు క్షేత్రంలో అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది కలిగించేది నమ్మకం. వేట పడలేదు, కారణం అమ్మవారి కోపమంటాడు మనిషి. మూఢవిశ్వాసమని రాసేసి ముందుకు పోవడం తేలిక.

చార్లెస్ నకోల్స్ అనే అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు విశాఖపట్నం దగ్గరి జాలారుల గ్రామంలో 1980లలో క్షేత్ర పరిశోధన చేశాడు. 1996లో వెలువడిన ఆయన గ్రంథానికి ఆ జాలారుల జీవితమే ఆధారం. వేట సాగకపోయినా, ఇంట్లో జబ్బు చేసినా వారు సోదె అడిగి కారణం వెతుక్కునే తీరును ఆయన ఓపికగా పరిశీలించాడు. అమ్మవారి కోపం దగ్గర ప్రశ్న ఆగిపోదు. ఆ కోపానికి కారణం వెతికితే చాలాసార్లు బయటపడేది బంధువుల మధ్య చెడిన సంబంధం, అన్నదమ్ముల తగవు, నిర్లక్ష్యం చేసిన బాధ్యత.

దీనికి నా వ్యాఖ్య ఒకటి చేరుస్తాను. పడవ, వల రక్తబంధువుల చేతుల్లో ఉన్న చోట అన్నదమ్ముల తగవంటే ఉత్పత్తి సాధనాల మీది తగవే. నోరు తెరిచి “నువ్వు నా పాలు తిన్నావు” అని అనలేని చోట అమ్మవారి నోట ఆ మాట వస్తోంది. ఇది నమ్మకాన్ని సమర్థించడం కాదు, అది ఏ పని చేస్తోందో తెలుసుకోవడం. మాలినోవ్‌స్కీ కూడా తన దీవుల్లో ఇటువంటిదే గమనించాడు. ప్రమాదం లేని మడుగులో చేపలు పట్టేటప్పుడు మంత్రతంత్రాలు లేవు. ప్రమాదం, అనిశ్చితి ఉన్న నడిసముద్రపు వేటకే అవి ఉన్నాయి. భయానికి భౌతిక కారణం ఉందని చెప్పే ఈ పరిశీలన భౌతికవాదికి శత్రువెలా అవుతుంది?

చెట్టూ, అడవీ

క్షేత్ర పద్ధతికి ఒక పరిమితి ఉంది. అది దగ్గరి వస్తువును స్పష్టంగా చూపి, దూరపు కారణాన్ని మరుగుపరచగలదు. రొయ్య ధర జెట్టీ మీద తేలదు. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆంధ్ర తీరంలోని రొయ్యల వ్యాపారమంతా కలవరపడింది. హార్బర్‌లో మాత్రమే నిలబడినవాడికి కనిపించేది పాటగాడి గొంతులోని మార్పు. దాని కారణం కోసం పత్రికలు, ఎగుమతి లెక్కలు చదవాలి. అలాగే ఉత్తరాంధ్ర తీరం నుంచి గుజరాత్‌కు వలసపోయి, అక్కడి బోట్లలో పనిచేస్తూ 2018 నవంబరులో పాకిస్తాన్ అధికారులకు పట్టుబడిన మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో విడుదలయ్యారు. ఆ వలస కథ ఒక్క క్షేత్రంలో దొరకదు. సిద్ధాంతం లేని క్షేత్రం వివరాల కుప్ప అవుతుంది, క్షేత్రం లేని సిద్ధాంతం నినాదమవుతుంది.

నోటుపుస్తకం ఎవరిది?

ఇక ముఖ్యమైన ప్రశ్న. ఒకరి జీవితాన్ని రాసుకోవడానికి మనకు అధికారం ఎవరిచ్చారు?

రింగు వలల వివాదంలో 2022 జనవరిలో విశాఖ తీరంలోని మత్స్యకారుల మధ్యనే ఘర్షణ జరిగింది. పడవలు తగలబడ్డాయి. చిన్న చేపతో సహా సముద్రాన్ని ఊడ్చేస్తున్నారని ఒక పక్షం, అప్పుచేసి కొన్న వల వదులుకుని ఎలా బతకాలని రెండో పక్షం. అటువంటి రోజుల్లో ఎవరి పడవలో ఏ వల ఉంది, ఎవరు ఎవరింట్లో సమావేశమయ్యారు అని పేర్లతో రాసిన నోటుపుస్తకం సాహిత్య సామగ్రి కాదు, సాక్ష్యం. దాన్ని పోలీసులు అడగవచ్చు, ప్రత్యర్థులు అడగవచ్చు. కనుక పేర్లు రాయకపోవడం, గుర్తుపట్టే వివరాలు మార్చడం, “ఇది రాయొద్దు” అన్నదాన్ని నిజంగా రాయకపోవడం మర్యాద కోసం పాటించే నియమాలు కావు. మనిషి ప్రాణానికి, పరువుకి సంబంధించినవి. ఒక పక్షం పేటలో మాత్రమే టీ తాగి తీర్పు రాయడం కూడా అన్యాయమే.

2023 నవంబరు 19 రాత్రి హార్బర్‌లో మంటలు లేచి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. మర్నాటి నుంచి పత్రికలు బోట్లు లెక్కపెట్టాయి, నష్టపరిహారం లెక్కపెట్టాయి. అది వారి పని. క్షేత్ర పద్ధతి తెలిసిన రచయిత పని అక్కడి నుంచి మొదలవుతుంది. ఒక్కొక్క బోటు మీద ఎంతమంది కలాసీలు ఆధారపడ్డారు, ఆ బోటు సరుకు కొనే స్త్రీలెవరు, వల బాగుచేసేవాడెవరు, ఐసు మోసేవాడెవరు? బోటుకు కాగితం ఉంటుంది. బుట్టకు కాగితం ఉండదు. కాగితం లేని నష్టాన్ని ఎవరు నమోదు చేస్తారు? ఆ పని ఓపికతో చేయగలిగినవాడు తన నోటుపుస్తకానికి కొంతవరకైనా సమాధానం చెప్పుకున్నట్లే.

మరొక బాధ్యత, రాసినదాన్ని తిరిగి వారికి వినిపించడం. నేను రాసుకున్న వాటాల లెక్క ఒక సరంగుకి చదివి వినిపిస్తే, అతడు మధ్యలో ఆపి, “అది కాగితం మీద లెక్క మేస్టారూ, చేతిలో లెక్క వేరు” అన్నాడు. ఆ రెండో లెక్క చెప్పడానికి అతనికి గంట పట్టింది. వినిపించకపోతే ఆ గంట నాకు దక్కేది కాదు. వినిపించడం కృతజ్ఞత ఒక్కటే కాదు, పరిశోధనలో అది కూడా ఒక మెట్టు.

నోట్సు కథ కాదు

ఇంత చేసినా నోట్సు నోట్సే, కథ కథే. తకళి శివశంకర పిళ్ళై 1956లో ప్రచురించిన మలయాళ నవల ‘చెమ్మీన్’ను చూడండి. భార్య శీలమే సముద్రం మీది భర్తకు రక్ష అన్న నమ్మకం చుట్టూ ఆ నవల నడుస్తుందని అందరూ చెబుతారు. దాని అడుగున ఉన్నది పడవకూ వలకూ తెచ్చి తీర్చని అప్పు. ఆ అప్పు లేకపోతే ప్రేమకథ ఒడ్డున పడ్డ చేప. తకళి తీరప్రాంతంలో వకీలు. మన రావిశాస్త్రి విశాఖపట్నంలో వకీలు. ఇద్దరి దగ్గరికీ మనుషులు తమ తగవులతో, తమ భాషతో, తమ లెక్కలతో వచ్చేవారు. సారా కథల్లోని మనుషుల మాట అంత ప్రాణంతో ఉందంటే, ఆ చెవికి అంత సాధన ఉంది. మనందరి దగ్గరికీ జనం అలా రారు. మనమే వెళ్ళాలి.

కనుక సాహిత్య విద్యార్థులకు నా సూచన ఇది. ఒక వృత్తిని ఎన్నుకోండి. ఏడాదిపాటు, దాని మంచి రోజుల్లోనూ చెడ్డ రోజుల్లోనూ వెళ్ళండి. జరిగినదాన్ని అడగండి. ఒక సరుకును చివరిదాకా వెంబడించండి. మాటల్ని వచ్చినట్లే రాసుకోండి. మీరు ముందే అనుకుని వెళ్ళిన అభిప్రాయాలను నోటుపుస్తకం మొదటి పేజీలో రాసి, ఏడాది చివర ఎన్ని నిలిచాయో చూసుకోండి. రాసినదాన్ని వారికే వినిపించండి. ఆ తర్వాత కథ రాయాలా, వ్యాసం రాయాలా, అసలు ఏమీ రాయకుండా ఊరుకోవాలా అన్నది మీరు నిర్ణయించుకోవచ్చు. శ్రామికుడి పక్షాన నిలబడటానికి మొదటి అర్హత అతడి రోజు ఎలా గడుస్తుందో తెలియడం.